పాత పికప్ బండికి అడిగిన ధర ఇవ్వవచ్చా? తేల్చుకోవడం ఎలా?

పాత కారు కొన్న అనుభవం పికప్ కొనేటప్పుడు సగమే పనికొస్తుంది. కారు ఎంత దూరం తిరిగిందో తెలిస్తే దాని పరిస్థితి సుమారుగా అంచనా వేయవచ్చు. పికప్ విషయంలో ఎంత దూరం తిరిగిందన్న దానికంటే ఎంత బరువుతో తిరిగిందన్నదే ముఖ్యం. ఒకే ఏడాది తయారై, మీటర్ మీద ఒకే కిలోమీటర్లు చూపిస్తున్న రెండు బండ్లలో ఒకటి వారానికోసారి తోటకు వెళ్ళొచ్చి ఉండవచ్చు, ఇంకొకటి రోజూ కంకర మోసి ఉండవచ్చు. ఫొటోల్లో రెండూ ఒకేలా మెరుస్తాయి. ధర కూడా ఇంచుమించు ఒకటే అడుగుతారు.

అందుకని బండి దగ్గరికి వెళ్ళేముందే ఒక పద్ధతి పెట్టుకోండి. కనిపించిన ప్రతి లోపాన్నీ రెండు కుప్పల్లో ఒకదాంట్లో వేయాలి. మొదటిది డబ్బుతో తీరే లోపాలు: టైర్లు, బ్రేకులు, క్లచ్, బ్యాటరీ లాంటివి. వీటికయ్యే ఖర్చు ధరలోంచి తీసేస్తే సరిపోతుంది. రెండోది ఎంత తగ్గించినా కొనకూడని లోపాలు: పగిలిన ఛాసిస్, వరద నీళ్ళలో మునిగిన వైరింగ్, కాగితాలతో సరిపోని నంబర్లు. చాలామంది నష్టపోయేది ఇక్కడే. రెండో కుప్పలో వేయాల్సిన దాన్ని 'ఇంత తగ్గించారు కదా' అనుకుని మొదటి కుప్పలో వేస్తారు.

ముందు మీ పని రాసుకోండి

ప్రకటనలు తెరవకముందు కాగితం మీద రాయండి: ఒక్కో ట్రిప్పులో ఎంత బరువు వేస్తారు, నెలలో ఎన్నిసార్లు, ఎలాంటి దారిలో, వెనక ట్రాలీ లాగే పని ఉందా, ఎంతమంది కూర్చోవాలి. ఇది రాయకుండా వెళితే అమ్మే మనిషి చెప్పే గొప్పలే మీ అవసరాలుగా మారిపోతాయి.

బండి ఎంత మోయగలదో డ్రైవర్ డోర్ తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీదో, ప్లేటు మీదో ఉంటుంది. అక్కడున్న గరిష్ఠ మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మీరు వేసుకోగల బరువు. మొత్తం 2,900 కిలోలు, ఖాళీ బండి 1,900 కిలోలు అయితే మీకు మిగిలింది 1,000. మనుషులు, సామాను, తర్వాత బిగించిన ఇనుప కమ్మీలు, పైకప్పు, టూల్ బాక్స్ అన్నీ ఆ 1,000 లోపే ఉండాలి. మీ పనికి 1,200 కావాలంటే ఆ బండి ఎంత చవకైనా మీకు ఖరీదే, ఎందుకంటే మొదటి రోజు నుంచీ దాన్ని పాడుచేస్తూ నడుపుతారు.

ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే ఏర్పాటు) గురించి కూడా ఇప్పుడే తేల్చుకోండి. బురదలో, ఇసుకలో, కొండదారిలో పని లేనివాళ్ళు దానికి డబ్బు పెట్టడం నాకు సరైనది అనిపించదు. కొనేటప్పుడు ఎక్కువ ఇవ్వాలి, ఇంధనం కాస్త ఎక్కువ తాగుతుంది, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు డిఫరెన్షియల్, ముందు షాఫ్ట్‌లు అంటూ పాడయ్యే భాగాలు పెరుగుతాయి. అవసరం ఉన్నవాళ్ళకు మాత్రం అది లేని బండి అసలు దండగే.

నడుస్తున్న ధర ఎంతో పట్టుకోండి

అడిగిన ధర అమ్మే మనిషి ఆశ మాత్రమే. అది ఎక్కువా తక్కువా అనేది పోల్చి చూస్తేనే తెలుస్తుంది. అదే మోడల్, అదే ఇంజిన్, అదే గేర్‌బాక్స్, అదే క్యాబిన్, ఏడాది అటూ ఇటూగా, కిలోమీటర్లు దగ్గరదగ్గరగా ఉన్న బండ్లు కనీసం పది వెతకండి. వాటి ధరలను తక్కువ నుంచి ఎక్కువకు వరసగా రాసి మధ్యలో పడ్డ ధరను పట్టుకోండి. సగటు తీయవద్దు. అత్యాశతో పెట్టిన ఒక్క ప్రకటన సగటును పైకి లాగేస్తుంది, మధ్య ధరను అంతగా కదిలించలేదు.

ఇంకో పని కూడా చేయండి, ఇది కాస్త ఓపిక అడుగుతుంది. రెండు మూడు వారాలు ఆ ప్రకటనలనే గమనించండి. తొందరగా మాయమైనవి జనం ఇవ్వడానికి ఒప్పుకున్న ధరకు దగ్గరగా ఉన్నవి. వారాల తరబడి అలాగే వేలాడుతున్నవి ఎక్కువ అడుగుతున్నవి. ఇలా చూస్తే మధ్య ధర కంటే నిజంగా అమ్ముడయ్యే ధర కొంచెం కిందనే ఉందని తెలుస్తుంది.

తర్వాత బిగించిన అలంకారాలకు పెట్టిన ఖర్చంతా కొనేవాళ్ళ మీద వేయాలని చూస్తారు. లైట్లు, పెద్ద టైర్లు, విండ్‌షీల్డ్ పైన ఇనుప కమ్మీ, మ్యూజిక్ సిస్టమ్. మీకు పనికొచ్చే వాటికే, అదీ కొత్తదాని ధరలో చిన్న భాగమే లెక్కలోకి తీసుకోండి. ఇక ఎత్తు పెంచిన బండికి, టైర్ల సైజు బాగా మార్చిన బండికి నేనైతే ధర తగ్గించి చూస్తాను. ఎత్తు పెంచితే షాఫ్ట్‌ల కోణం మారి జాయింట్లు త్వరగా అరుగుతాయి. కంపెనీ సైజు కంటే పెద్ద టైర్లు వేస్తే, మీటర్ సరిచేయించకపోతే, నిజంగా తిరిగిన దానికంటే తక్కువ దూరం చూపిస్తుంది.

ఫోన్‌లోనే అడగాల్సినవి

అంతదూరం వెళ్ళి చూసేముందు ఫోన్‌లో మాట్లాడండి. "బండి బాగుందా?" అని అడిగితే "బాగుంది" అనే అంటారు. దానికి బదులు ఇలా అడగండి: "ఈ బండితో ఎక్కువగా ఏం మోశారండీ?" "కిందటి ఏడాది ఏమేం పని చేయించారు, బిల్లులు ఉన్నాయా?" "మీరే ఉంచుకుంటే ముందుగా ఏం మార్పించేవారు?" ఈ మూడో ప్రశ్న చాలా మంచిది. నిజాయతీగా ఉన్న మనిషి టైర్లనో, బుష్‌లనో ఏదో ఒకటి చెబుతారు. పాత బండికి చేయించాల్సిన పనే లేదని అంటే బండిని గట్టిగా పరీక్షించాలని అర్థం.

చివరగా ఒక్క మాట చెప్పండి: "నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి, చల్లగా ఉన్నప్పుడు చూడాలి." వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడగండి. స్టార్టింగ్ కష్టం, చల్లని ఇంజిన్ చేసే చప్పుడు, మొదటి పొగ, ఈ మూడూ వేడెక్కితే దాక్కుంటాయి.

ముందు కిందికి దూరండి

వెళ్ళేటప్పుడు పాత బట్టలు, టార్చిలైటు, చిన్న సుత్తి, అయస్కాంతం పట్టుకెళ్ళండి. పగటి వెలుతురులో, వాన లేనప్పుడు వెళ్ళండి. తడి బండి మీద గీతలూ కనపడవు, రంగులో తేడా కూడా కనపడదు.

రంగు చూడకముందే ఛాసిస్ చూడాలి. పికప్‌లలో ఎక్కువ భాగం ఇప్పటికీ నిచ్చెన ఆకారంలో ఉండే రెండు పొడవాటి ఇనుప దూలాల మీదే నిలబడతాయి. క్యాబిన్, వెనక తొట్టి, ఇంజిన్ అన్నీ దానికే బోల్టులతో బిగించి ఉంటాయి. తలుపు మార్చవచ్చు, ఇంజిన్ కూడా మార్చవచ్చు. ఛాసిస్ పాడైతే మాత్రం అన్నీ విప్పి కొత్త బండి కట్టినట్టే. పేరున్న కంపెనీ బండి కదా అని ధీమా పనికిరాదు. ఫ్రేమ్ తుప్పు పట్టి చిల్లులు పడుతున్నాయన్న ఫిర్యాదుల మీద అమెరికాలో నడిచిన కేసులో టొయోటా 2016లో రాజీకి వచ్చింది. టకోమా, టండ్రా పికప్‌లు అందులో ఉన్నాయి. ఎంత గట్టి పేరున్న బండి అయినా కింద దూరి చూడక తప్పదు.

దూలం పొడవునా టార్చి వేసి చూడండి. పైపైన పట్టిన ఎర్రటి తుప్పు పాత బండికి మామూలే. పొరలు పొరలుగా లేస్తున్న తుప్పు, వేలితో నొక్కితే రాలిపోయేది మామూలు కాదు. సుత్తితో మెల్లగా తడుతూ వెళ్ళండి. గట్టి ఇనుము ఖంగుమని మోగుతుంది, లోపల తినేసినది బొదబొదమంటుంది. బురద, నీళ్ళు నిలిచే చోట్లు ముఖ్యం: వెనక స్ప్రింగులు బిగించిన బ్రాకెట్ల చుట్టూ, తొట్టి బోల్టుల దగ్గర, ఇంధనం ట్యాంకు పైన, దూలం వంపు తిరిగే చోట. పగుళ్ళు ఎక్కువగా వచ్చేది స్ప్రింగ్ బ్రాకెట్ల దగ్గర, స్టీరింగ్ బాక్స్ బిగించిన దగ్గర, ట్రాలీ కొక్కెం చుట్టుపక్కల. కంపెనీ వెల్డింగ్ నేరుగా, ఒకే తీరున ఉంటుంది. చేత్తో వేసిన అతుకు లావుగా, ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. ఈమధ్యే కింద నల్లరంగు కొట్టించి ఉంటే అది ఎందుకు కొట్టించారో తేలేదాకా మంచి గుర్తు అనుకోకండి.

తర్వాత పక్కకు వచ్చి నిలబడి, క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య సందు చూడండి. పైనా కిందా ఒకే వెడల్పు ఉండాలి. పైన ఇరుకై కింద వెడల్పుగా ఉన్నా, తొట్టి క్యాబిన్‌ను రాసుకున్న గుర్తులున్నా, ఛాసిస్ వంగి ఉండవచ్చు. ఊరికే అరిగిపోయిన రబ్బరు బుష్‌ల వల్ల కూడా అలా కావచ్చు. ఏదో తేల్చేది లిఫ్ట్ మీద పెట్టి కొలతలు తీసే మెకానిక్ మాత్రమే.

మోసిన బరువు ఎక్కడ కనిపిస్తుంది?

వెనక కమాన్ పట్టీలను చూడండి. ఖాళీగా నిలబడ్డ బండికి పట్టీలు విల్లులా వంగి ఉండాలి. చదునుగా అయిపోయినా, ఒక పక్క ఒరిగినా, ఒక పట్టీ విరిగినా బరువు ఎక్కువ మోసిందని అర్థం. కంపెనీ ఇచ్చిన వాటికి అదనంగా ఒకటో రెండో కొత్త పట్టీలు చేర్చి ఉంటే సాక్ష్యం ఇంకా గట్టిది, లెక్క మించి మోయడానికే వాటిని చేర్చుతారు. స్ప్రింగ్ బాగా కిందికి దిగినప్పుడు తగిలే రబ్బరు దిమ్మలు నలిగి, చీలి ఉన్నాయేమో చూడండి.

తొట్టిలోకి ఎక్కండి. లోపల ప్లాస్టిక్ లైనర్ ఉంటే అంచు లేపి చూడమనండి, దాని కింద నీళ్ళు చేరి నేల తినేసి ఉండవచ్చు. గీతలు, చిన్న సొట్టలు ఉంటే బాధపడకండి, పని చేసే బండికి అవి ఉంటాయి. నేల కుంగిందా, పక్క గోడలు బయటికి ఉబ్బాయా, వెనక డోర్ తేలిగ్గా మూసుకుంటోందా అన్నవి ముఖ్యం. తొట్టి మధ్యలో నేలకు పెద్ద రంధ్రాలు వేసి ఉంటే పెద్ద ట్రెయిలర్ లాగి ఉండవచ్చు. లాగిన బండి గేర్‌బాక్స్, వెనక క్రౌన్ (వెనక చక్రాలను తిప్పే గేర్లు), బ్రేకులు ఇంకా జాగ్రత్తగా చూడాలి.

మీటర్ మీది సంఖ్యను బండి మిగతా భాగాలతో పోల్చండి. పెడల్ రబ్బరు నునుపై, స్టీరింగ్ తోలు మెరిసిపోయి, డ్రైవర్ సీటు అంచు కుంగిపోయి, మీటర్ మాత్రం 60,000 చూపిస్తుంటే ఎక్కడో తేడా ఉంది. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. అసలు టైర్లే ఉన్నాయని అమ్మే మనిషి చెప్పి, టైర్లు బండికంటే కొత్తవైతే మాటలో నిజం లేదు.

కొన్ని పికప్‌లు ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో కూడా మీటర్‌లో చూపిస్తాయి. ఇది దొరికితే వదలకండి. 1,20,000 కిలోమీటర్లను 6,000 గంటలతో భాగిస్తే గంటకు 20 కిలోమీటర్లు. అంటే చాలాసేపు ఆగి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి పని చేసిన బండి. అవే కిలోమీటర్లు 2,500 గంటల్లో తిరిగితే గంటకు 48, ఎక్కువగా రోడ్డు మీద పరుగెత్తిన బండి. ఇంజిన్ అరుగుదలలో ఈ రెండూ ఒకటి కావు. మీటర్ మీద కిలోమీటర్లు తక్కువ ఉన్నాయని ఎక్కువ ధర అడిగేవాళ్ళకు ఈ లెక్క చూపించవచ్చు.

ఇంజిన్: చల్లగా ఉన్నప్పుడే

స్టార్ట్ చేయకముందు డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ చూసే కడ్డీ) తీయండి. డీజిల్ ఇంజిన్ ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది, అది తప్పు కాదు. పాలు కలిసినట్టు తెల్లగా నురగలా ఉంటే ఆయిల్‌లో నీళ్ళు కలుస్తున్నాయి, హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడు మాత్రమే తీసి చూడండి, కూలెంట్ మీద నూనె తేలకూడదు, తుప్పు నీళ్ళలా ఉండకూడదు.

ఇప్పుడు స్టార్ట్ చేయమనండి, మీరు వెనక సైలెన్సర్ దగ్గర నిలబడండి. చలిలో మొదట వచ్చి పోయే తెల్లటి ఆవిరి పరవాలేదు. ఇంజిన్ వేడెక్కినా తగ్గని దట్టమైన తెల్ల పొగ కూలెంట్ కాలుతోందనడానికి గుర్తు కావచ్చు. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ ఇంధనం ఎక్కువైనా, గాలి తక్కువైనా వస్తుంది, ఒక్కోసారి ఎయిర్ ఫిల్టర్ మార్చితే పోతుంది, ఒక్కోసారి ఇంజెక్టర్ల దాకా వెళుతుంది. పొగ వడపోసే డీపీఎఫ్ ఉన్న కొత్తతరం డీజిల్ బండి సైలెన్సర్ గొట్టం లోపల వేలు పెడితే మసి దట్టంగా అంటకూడదు. అంటితే ఆ ఫిల్టర్ పాడైందో, పీకేశారో అయివుంటుంది. పీకేసిన బండి చాలా దేశాల్లో పొగ పరీక్షలో తప్పుతుంది, తిరిగి పెట్టించడం చిన్న ఖర్చు కాదు.

ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి, ఆ రంధ్రం మీద తలకిందులుగా వదులుగా పెట్టండి. కాస్త వణికితే పరవాలేదు. ఎగిరి పడిపోతున్నా, అక్కడి నుంచి పొగ గుప్పుమని కొడుతున్నా రింగులు, బోరు అరిగి గ్యాస్ కిందికి దిగుతోందని అనుమానించాలి. అప్పుడు మెకానిక్‌తో కంప్రెషన్ పరీక్ష చేయించండి. సిలిండర్ల మధ్య తేడా 10–15 శాతం లోపల ఉండాలి.

ఇంజిన్ వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపేది టైమింగ్ బెల్టా, చైనా తెలుసుకోండి. బెల్ట్ అయితే ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో ఆ మోడల్ పుస్తకంలో ఉంటుంది, చాలా ఇంజిన్లలో 1,00,000 అటూ ఇటూగా. మార్చినట్టు బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్కవేయండి. చాలా ఇంజిన్లలో బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుంది.

బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే ఓబీడీ స్కానర్ చవకలో దొరుకుతుంది, ఒకటి కొనండి, లేదా ఎవరి దగ్గరైనా అడిగి తీసుకెళ్ళండి. డాష్‌బోర్డ్ కింద పెట్టి ఫాల్ట్ కోడ్‌లు చూడండి. కోడ్‌లు లేకపోవడం చూసి సంతోషించే ముందు బండి స్వీయపరీక్షలు పూర్తయ్యాయా లేదా అని కూడా చూడండి. సగం పైన పూర్తికాలేదని చూపిస్తే, మీరు వచ్చేముందే కోడ్‌లు తుడిచేసి ఉండవచ్చు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండవచ్చు. మరో రెండు మూడు రోజులు నడిపాక మళ్ళీ చూస్తానని చెప్పండి.

మునిగిన బండి, గుద్దిన బండి

సీటు బెల్టును చివరిదాకా లాగండి. పై భాగం శుభ్రంగా ఉండి, చివర బురద మరక గీతలా ఉంటే బండి నీళ్ళలో నిలబడింది. సీటు పట్టాల కింద ఒండ్రు, సీటు బోల్టులకు తుప్పు, ఫ్యూజ్ బాక్స్‌లో పచ్చగా పట్టిన రాగి, కార్పెట్ కింద ముక్కవాసన కూడా అదే చెబుతాయి. ఇది రెండో కుప్పలో వేయాల్సిన లోపం. ఇవాళ అన్నీ పనిచేస్తాయి, నెలల తర్వాత ఒక్కో కనెక్టర్ పోతుంటుంది, ఏది పోయిందో పట్టుకోవడమే పెద్ద టెన్షన్.

గుద్దుకున్న బండి మాత్రం అలా కాదు. తలుపో, ఫెండరో మార్చి చక్కగా టింకరింగ్ చేయించిన బండిని మంచి తగ్గింపుతో కొనడంలో తప్పులేదు. ఫెండర్, బానెట్ బోల్టుల తలల మీద రంగు గీసుకుపోయిందా, రబ్బరు అంచుల మీద రంగు చింది ఉందా, తలుపుల సందులు సమానమేనా చూడండి. ఇనుప రేకు మీద అయస్కాంతం అంటుకోని చోట పుట్టీ మందంగా ఉంటుంది. అల్యూమినియం రేకు ఉన్న మోడళ్ళకు అయస్కాంతం పనికిరాదు. రంగు మందం కొలిచే పరికరం ఉంటే కంపెనీ రంగు సాధారణంగా 100–150 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది, 300 దాటితే అక్కడ పని జరిగింది. దెబ్బ రేకుతో ఆగిందా, ఛాసిస్ దాకా వెళ్ళిందా అన్నదే ప్రశ్న.

నడిపి చూడటం

కనీసం అరగంట నడపండి. ఊళ్ళో, పెద్ద రోడ్డు మీద, ఎత్తు ఎక్కుతూ, గతుకుల్లో. రేడియో కట్టేయండి, ఏసీ కాసేపు ఆపండి, అమ్మే మనిషిని కూడా కాసేపు మాట్లాడకుండా ఉండమనండి.

పై గేర్‌లో వెళుతూ ఒక్కసారిగా ఎక్సలరేటర్ తొక్కండి. ఇంజిన్ వేగం పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోంది. ఆటోమేటిక్ అయితే ముందుకూ వెనక్కూ గేర్ మార్చినప్పుడు ఆలస్యంగా పట్టుకోవడం, గట్టిగా కొట్టుకోవడం, మామూలు వేగంలో తేలిగ్గా తొక్కి వెళుతుంటే వణకడం గమనించండి. ఆ గేర్ ఆయిల్ మాడిన వాసన వస్తే ఆ బండి దగ్గర ఎక్కువసేపు నిలబడను నేనైతే. వాలులో ఎక్సలరేటర్ వదిలి దిగి, మళ్ళీ తొక్కగానే నీలం పొగ వస్తే వాల్వ్ సీళ్ళు అరిగాయి. తొక్కినప్పుడు వెనక నుంచి ఊళ పెట్టి, వదిలితే తగ్గితే క్రౌన్ వైపు చూడాలి. గేర్ మార్చగానే కింద టక్కుమంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింటు వదులైంది, అది చిన్న ఖర్చే.

ఫోర్ వీల్ డ్రైవ్‌ను మట్టి మీదో, గులకరాళ్ళ మీదో వేసి చూడండి. పార్ట్ టైమ్ రకం (అవసరమైనప్పుడే వేసుకునేది) అయితే, దాన్ని పొడి రోడ్డు మీద వేసి మలుపు తిప్పితే గేర్లు బిగుసుకుంటాయి. నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే లో రేంజ్ గేర్ కూడా పడుతోందా చూడండి. ఏళ్ళ తరబడి వాడనివి కొన్నిసార్లు పట్టుకుని కదలవు.

ఇంకొక్కటి అడగండి, చాలామంది అడగరు: బరువు వేసి నడపడం. పికప్‌ను ఖాళీగా చూపించి అమ్ముతారు, మనం కొనేది మాత్రం లోడు కోసం. బండిలో వేసుకోగల బరువులో సగం వేసి ఒక ఎత్తు ఎక్కించి, బ్రేకులు వేసి చూస్తే ఇంజిన్ బలం, క్లచ్, వెనక బ్రేకులు, స్ప్రింగులు అన్నీ ఒకేసారి బయటపడతాయి. సరిగా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

ఇవన్నీ అయ్యాక, బండి నచ్చితే, మీకు తెలిసిన మెకానిక్‌ను పిలవండి. అమ్మే మనిషి చూపించిన మెకానిక్ వద్దు. లిఫ్ట్ మీద పెట్టి చూడటానికి ఇచ్చే డబ్బు బండి ధరలో చాలా చిన్న వంతు. దాన్ని ఆదా చేయడం వల్ల ఎవరికైనా మేలు జరగడం నేను చూడలేదు. మెకానిక్‌తో తనిఖీ చేయించడానికి అమ్మే మనిషి ఒప్పుకోకపోతే అక్కడితో ఆపేయండి.

కాగితాలు

ఛాసిస్ నంబరులో 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో ఉండవు, ఒకటి సున్నాలతో పొరబడతారని. ఛాసిస్ మీద చెక్కినది, డాష్‌బోర్డ్ లేదా డోర్ ప్లేటు మీద ఉన్నది, కాగితం మీద ఉన్నది మూడూ అక్షరం అక్షరం సరిచూడండి. చెక్కిన చోట గీకినట్టు, చుట్టూ కొత్త రంగు వేసినట్టు ఉంటే వదిలేయండి. బండి మీద అప్పు ఉందా, కట్టని పన్నులు, జరిమానాలు ఉన్నాయా, రికాల్ పనులు (లోపం ఉందని కంపెనీయే వెనక్కి పిలిచి చేసేవి) చేయించారా, అమ్ముతున్న మనిషి పేరే కాగితంలో ఉందా కూడా చూడాలి. అప్పు తీరని బండికి డబ్బు చేతికి ఇవ్వకండి, అప్పు ఇచ్చిన సంస్థ నుంచి తీరినట్టు పత్రం వచ్చాకే ఇవ్వండి.

ఇప్పుడు లెక్క

ధర లెక్కలో జనం పొరబడే చోటు ఒకటి ఉంది. కనిపించిన ప్రతి అరుగుదలకూ పూర్తి ఖర్చు తీసేయమంటారు. అది న్యాయం కాదు. ఆ వయసు బండికి సహజంగా ఉండే అరుగుదల ఆ మధ్య ధరలోనే కలిసి ఉంటుంది. తీసేయాల్సింది అంతకు మించిన అరుగుదలే.

అడిగిన ధరను 100 అనుకుందాం. అలాంటి బండ్ల మధ్య ధర 94 తేలింది. టైర్లు పూర్తిగా అయిపోయాయి, నాలుగూ మార్చడానికి 6 అవుతుంది. కానీ ఆ వయసు బండికి సగం అరిగిన టైర్లు ఉండటం మామూలే, కాబట్టి 3 తీయండి. టైమింగ్ బెల్ట్ మార్చాల్సిన కిలోమీటర్లు దాటింది, బిల్లు లేదు, 4 మొత్తం తీయండి. క్లచ్ జారుతోంది, ఇది ఇప్పుడే చేయించక తప్పదు, 6 మొత్తం తీయండి. మొత్తం 13. ఆ బండి విలువ 81. మీ పరిమితి అదే, బేరం మొదలుపెట్టేది 76 దగ్గర. ఇది కాక మరో 5 నుంచి 10 వరకు, కొన్న తొలి ఏడాదిలో వచ్చే కనిపించని ఖర్చులకు మీ దగ్గరే ఉంచుకోండి. అది అమ్మే మనిషికి చెప్పాల్సిన సంగతి కాదు.

రెండు బండ్ల మధ్య తేల్చుకోలేకపోతే ఏడాదికి పడే ఖర్చు చూడండి. కొత్తగా ఉన్న బండి 100కు కొని 5 ఏళ్ళ తర్వాత 60కి అమ్మితే 40 పోయింది, ఏడాదికి 8. పాతది 60కి కొని, 20 బాగుకు పెట్టి, 35కు అమ్మితే 45 పోయింది, ఏడాదికి 9. పైగా అది షెడ్డులో ఉన్న రోజుల్లో మీ పని ఆగుతుంది. బాగుకయ్యే ఖర్చు 10 దగ్గర ఆగితే పాతదే గెలుస్తుంది. అందుకే మెకానిక్ చెప్పే అంచనాకు అంత విలువ.

బేరంలో గొంతు పెంచాల్సిన పని లేదు. కాగితం ముందు పెట్టి, "బండి నాకు నచ్చిందండీ. క్లచ్, బెల్ట్, టైర్లకు ఇంత అవుతుందని మెకానిక్ రాసిచ్చారు, అలాంటి బండ్లు ఈ ధరకు నడుస్తున్నాయి, అందుకే ఇంత ఇవ్వగలను" అని చెప్పి ఆగండి. మీరే ముందు మాట్లాడి ధర పెంచకండి. ఒకవేళ ఆయన "క్లచ్ నేనే మార్పించి ఇస్తాను" అంటే, ఎక్కడ, ఏ కంపెనీ ప్లేటు వేస్తారో అడగండి. అమ్మే బండికి చవక సామాను వేయించడం మామూలు కాబట్టి, ధర తగ్గించుకుని మీరే చేయించుకోవడం మేలు. 81 దాకా ఆయన దిగకపోతే, మీ ఫోన్ నంబరు ఇచ్చి వచ్చేయండి. రెండు వారాలకు బండి అక్కడే ఉంటే ఆయనే ఫోన్ చేస్తారు.

డబ్బు ఇచ్చే రోజు బండిని మళ్ళీ ఒకసారి చుట్టూ తిరిగి చూడండి. మీరు చూసిన టైర్లే, బ్యాటరీయే ఉన్నాయా, స్టెప్నీ, జాక్, రెండో తాళంచెవి, సర్వీస్ బుక్, బిల్లులు ఇస్తున్నారా చూసుకోండి. ముందు చూసినప్పుడు టైర్ల మీది తేదీ అంకెలు, బ్యాటరీ నంబరు ఫొటో తీసుకుని ఉంటే సరిచూడటం తేలిక. ఇంటికి తెచ్చిన మొదటి వారంలోనే ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, క్రౌన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, ఫిల్టర్లు అన్నీ మార్చి, ఆ రోజు తేదీ, కిలోమీటర్లు కొత్త పుస్తకంలో రాసిపెట్టండి.